కొత్త కేఎక్స్ 250: మొదటి రైడ్ ముచ్చట్లు, మీ అనుభవాలూ చెప్పండి

ఎర్రమట్టి_రైడర్:
బండి ఇంటికొచ్చింది, కవాసాకి కేఎక్స్ 250, మట్టి ట్రాకుల మీద రేసులకే చేసిన మోటోక్రాస్ బండి. శంకర్‌పల్లి అవతల ఫ్రెండ్ వాళ్ల పొలంలో చేసుకున్న ట్రాక్ మీద మొన్న తోలాను. ఇన్నాళ్లూ హీరో ఎక్స్‌పల్స్ 200 మీదే మట్టి తిన్నాను కాబట్టి పోలిక దాంతోనే. అది 160 కిలోల దగ్గర, ఇది 108 చుట్టూ. ట్రాలీలోంచి దించేటప్పుడే తేడా తెలిసింది. తాళం చెవి లేదు, లైటు లేదు, స్పీడోమీటర్ లేదు. సైడ్ స్టాండ్ కూడా లేకపోవడంతో వేపచెట్టుకి ఆనించి నిలబెట్టాం! సీటు ఎత్తు 95 సెంటీమీటర్లు, నాకు ఒక కాలి మునివేళ్లే ఆనుతున్నాయి.

పవర్ గురించి భయపడ్డాను కానీ, కింది ఆర్‌పీఎమ్‌లో మెత్తగానే పోతుంది. అసలు సంగతి పైన మొదలవుతుంది, అక్కడ చెయ్యి నిలపడం కష్టం. నాకు అర్థం కానిది సస్పెన్షన్. మెల్లగా పోతే ప్రతి గడ్డా నడుముకి తగులుతోంది, వేగం పెంచితే అదే చోట ఏమీ తెలియట్లేదు. కాసేపటికే ముంజేతులు బిగుసుకుపోయి క్లచ్ లాగడానికి వేళ్లు రాలేదు. అందరికీ ఇంతేనా?

వైజాగ్_ఎండ్యూరో:
కంగ్రాట్స్ అన్నా. సస్పెన్షన్ అలా ఉండటం సహజమే, అది జంప్ చేసి దిగడానికి కట్టిన బండి. బజారుకెళ్లే వేగంలో గట్టిగానే ఉంటుంది. ముంజేతులంటావా, నువ్వు హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నట్టున్నావు. మోకాళ్లతో ట్యాంకు దగ్గర గట్టిగా బిగించు, చేతులు వదులుగా ఉంచు. క్లచ్‌కి ఒక్క వేలు చాలు, అది హైడ్రాలిక్. ఇంతకీ వెనక సాగ్, అంటే నువ్వు కూర్చుంటే సస్పెన్షన్ ఎంత దిగుతుందో, కొలిచావా?

డల్లాస్_బావ:
నాది యమహా వైజెడ్ 250ఎఫ్. ఇక్కడ మాకు ట్రాకులకి కొదవ లేదు, గేటు దగ్గర డబ్బులు కట్టి దిగడమే. మీలా పొలం వెతుక్కునే బాధ లేదు, అందుకు మాత్రం మీమీద జాలి. నా మొదటి రైడ్‌లో గుర్తుండిపోయింది చప్పుడు. యమహాలో గాలి ఇంజన్ ముందువైపు నుంచి లోపలికి పోతుంది, ఫిల్టర్ ట్యాంకు దగ్గరే ఉంటుంది. థ్రాటిల్ తెరిస్తే ఆ పీల్పు నేరుగా మొహానికి వినిపిస్తుంది. ఇంజన్ పవర్ ఎలా ఇవ్వాలో చెప్పే సెట్టింగ్, అదే మ్యాప్, ఫోన్ యాప్‌లో మార్చుకుంటాను, మెత్తటి మ్యాప్ పెట్టాక చేతుల నొప్పి సగం తగ్గింది. మీ కేఎక్స్‌కి మ్యాప్ మార్చే చిన్న కప్లర్ ప్లగ్‌లు వచ్చి ఉంటే అవి మార్చి చూడండి.

కర్నూలు_రేగడి:
ఎవరూ అనరు కాబట్టి నేనే అంటా. లక్షలు పోసి రోడ్డెక్కని బండి కొనడం, ప్రతి వారం ట్రాలీకి డబ్బులివ్వడం, కొన్ని గంటలు తోలితే ఆయిల్ మార్చడం... నా వల్ల కాదు బాబూ. పైగా మా నల్లరేగడిలో నాలుగు చినుకులు పడ్డాయంటే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి ఇరుక్కుని చక్రమే తిరగదు.

వైజాగ్_ఎండ్యూరో:
@కర్నూలు_రేగడి ఖర్చు నిజమే, ఇక్కడ లెక్క కిలోమీటర్లలో కాదు, గంటల్లో. పిస్టన్ కూడా గంటల లెక్కనే మార్చాలి. ఇంజన్ నడిచిన గంటలు చూపే అవర్ మీటర్ విడిగా కొని బిగించుకోవాలి. కానీ ఎక్కువ ఇంజన్లు పోయేది ఆయిల్ వల్ల కాదు, దుమ్ము వల్ల. రైడ్ అయ్యాక ఫోమ్ ఎయిర్ ఫిల్టర్ తీసి, గాలి ఇంజన్‌లోకి పోయే రబ్బరు గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకి ఎర్రగా అంటితే ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఉతికి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి, అంచుకి గ్రీజు రాసి పెట్టండి. కొత్త బండికి స్పోకులు కూడా వదులవుతాయి. మొదటి రైడ్ అవగానే ఒక్కొక్కటీ పట్టి చూడాలి.

బుజ్జిగాడి_నాన్న:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా వాడు పిల్లల మోటోక్రాస్ బండి కేఎక్స్ 65 కావాలని ప్రాణం తీస్తున్నాడు. నేర్పేవాళ్లెవరైనా ఉన్నారా?

డల్లాస్_బావ:
కోలార్ దగ్గర డాకర్ ర్యాలీ రైడర్ సి.ఎస్. సంతోష్ గారి బిగ్ రాక్ అనే డర్ట్ బైక్ పార్క్ ఉంది కదండీ, ముందు ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. బండి తర్వాత. ముందు మెడకి పెట్టుకునే నెక్ బ్రేస్, మోకాలి గార్డులు, బూట్లు.

ఎర్రమట్టి_రైడర్:
సాగ్ కొలిచాను. బూట్లు, హెల్మెట్‌తో నా బరువు 86 కిలోలు. కూర్చుంటే వెనక 118 మిల్లీమీటర్లు దిగుతోంది. ముందు చక్రం మలుపుల్లో బయటికి జారడానికి కారణం ఇదేనేమో.

వైజాగ్_ఎండ్యూరో:
అదే. 100-105కి తీసుకురా, షాక్ పైనున్న రింగు బిగిస్తే వస్తుంది. తర్వాత నువ్వు దిగి, బండి తన బరువుకే ఎంత దిగుతుందో చూడు. 30 కన్నా తక్కువ వస్తే స్ప్రింగ్ నీ బరువుకి మెత్తన. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ అంతే. మెత్తటి స్ప్రింగుని మరీ బిగించాల్సి రావడం వల్ల అలా వస్తుంది. అప్పుడు రింగు తిప్పడం ఆపి, గట్టి స్ప్రింగ్ వేయించు.

ఎర్రమట్టి_రైడర్:
ఆ రింగు తిప్పే స్పానర్ నా దగ్గర లేదు. హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం పొద్దున వచ్చి తీసుకుంటా, ఇడ్లీలు నావి.