ఎపిస్కోపల్ చర్చి ఆడవాళ్ల గ్రూపులో చదువుకోవడం ఎలా, లేక ఎప్పటికీ సమోసాలేనా?

గోంగూర_టెక్సాస్:
అందరికీ వందనాలండి. మాది నంద్యాల సైడు, తాతల కాలంలో ఎస్పీజీ అనే ఇంగ్లండు ఆంగ్లికన్ మిషన్, ఇప్పుడు సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. ఇక్కడికి వచ్చాక దగ్గర్లో తెలుగు సీఎస్ఐ సంఘం లేదు, దాంతో రెండేళ్లుగా మా వీధి చివర ఎపిస్కోపల్ చర్చికే, అంటే అమెరికాలోని ఆంగ్లికన్ సంఘానికే, వెళ్తున్నాం. ఆరాధన క్రమం దాదాపు మనదే కాబట్టి మొదటి ఆదివారమే ఎక్కడ లేవాలో ఎక్కడ మోకరించాలో తెలిసిపోయింది, ఆ రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. ఈసీడబ్ల్యూలో, అంటే ఎపిస్కోపల్ చర్చ్ విమెన్ అనే వాళ్ల ఆడవాళ్ల సంఘంలో, చేర్చుకున్నారు, ఆడవాళ్లంతా చాలా మంచోళ్లు. కానీ రెండేళ్లలో నన్ను అడిగింది ఒక్కటే, చర్చి కోసం డబ్బు పోగేసే బజార్‌కి సమోసాలు చేస్తావా అని. పోయినసారి నూటయాభై చేశా. మా ఊళ్లో గురువారం స్త్రీల కూడిక అంటే తలా రెండు వచనాలు చదవాల్సిందే, చదువు రాని మా మేనత్త అయితే పక్కావిడతో చెప్పించుకుని కంఠతా పట్టి వచ్చేది. ఇక్కడ బుక్ స్టడీ ఉంది, కానీ పుస్తకం ఇటుకంత లావు, మొదటివారం పద్నాలుగు మంది వచ్చారు, మూడోవారానికి నలుగురు, అందులో ఒకావిడ కాఫీ పెట్టడానికి వచ్చింది. మీ మీ చర్చిల్లో ఏం చదువుతున్నారు, ఎలా నిలబెడుతున్నారు, కాస్త చెప్పండి.

రాత్రి_షిఫ్ట్:
సిస్టర్, నేను న్యూజెర్సీలో నర్సుని. మేం నలుగురం, ఇద్దరు మలయాళీలు, ఒక జమైకా ఆవిడ, నేను. పుస్తకం జోలికే పోలేదు. ప్రార్థన పుస్తకంలో కీర్తనల గ్రంథం మొత్తాన్ని ముప్పై రోజులకి పొద్దున ఒక భాగం సాయంత్రం ఒక భాగంగా పంచి ఉంటుంది చూడండి, కీర్తనల మధ్యలోనే ఎన్నో రోజో చిన్నక్షరాల్లో రాసి ఉంటుంది, చాలామంది గమనించరు. అంటే తారీఖు తెలిస్తే చాలు, ఈరోజు ఏం చదవాలి అని ఎవర్నీ అడగక్కర్లేదు. సాయంత్రం భాగం ఫోన్‌లో కలిసి చదువుకుంటాం, డ్యూటీ లేని రోజు పడుకునే ముందు కాంప్లిన్ అనే రాత్రి ప్రార్థన కూడా, అది పది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క హెచ్చరిక, 15వ తారీఖు సాయంత్రం 78వ కీర్తన మొత్తం పడుతుంది, 72 వచనాలు! మొదటి నెల అది తెలీక ఆస్పత్రి పార్కింగ్‌లో కార్లో కూర్చుని మొదలుపెట్టా, ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాటేసరికి నా షిఫ్ట్ మొదలయ్యే టైం అయింది, మిగతాది లిఫ్ట్‌లో చదివా. ఇంకోటి, వాళ్ల కీర్తనల అనువాదం వేరు, మన తెలుగు బైబిల్ వేరు, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక్కోసారి తెలుగులోనే విషయం సూటిగా తగుల్తుంది. నా వంతు వచ్చినప్పుడు తెలుగులోనే చదువుతా, వాళ్లు ఏమీ అనుకోరు.

ఐదో_వరుస:
నా అనుభవం కొంచెం వేరు. నేను ఆల్టర్ గిల్డ్‌లో పడ్డా, అంటే బల్ల సర్దడం, గుడ్డలు ఉతకడం. మొదట్లో ఇదేంటి ఇక్కడ కూడా ఇస్త్రీయేనా అని లోపల ఉడుక్కున్నా. ప్రభు సంస్కారంలో అందరూ ద్రాక్షరసం తాగే గిన్నె తుడిచే చిన్న తెల్ల గుడ్డలుంటాయి కదా, వాటిని నిలువునా మూడు మడతలు అడ్డంగా మూడు మడతలు, విప్పితే తొమ్మిది గళ్లు కనబడాలి. నాకు నేర్పిన పెద్దావిడకి ఎనభై దాటాయి, లిప్‌స్టిక్ మరక చూడగానే "ఈస్టర్" అని నవ్వుతుంది, ఆ రోజే అందరూ వేసుకొస్తారట. కొవ్వొత్తి మైనం పడితే ముందు ఐసుముక్కతో గట్టిపడనిచ్చి గీకేసి, తర్వాత గోధుమరంగు కాగితం వేసి ఇస్త్రీ పెడితే మిగతా మైనం కాగితంలోకి దిగిపోతుంది. ఈ పనంతా చేస్తూ ఆవిడ వచ్చే ఆదివారం పాఠాలు పైకి చదివిస్తుంది, నేను చదవాలి ఆవిడ మడతపెట్టాలి, మధ్యలో ఆగి "మళ్లీ ఆ ముక్క చదువు" అంటుంది. నా చదువంతా అక్కడ జరిగింది, బుక్ స్టడీలో జరగలేదు. ఇప్పుడు ఎవరో ఒకరు మరియ మార్త కథ ఎత్తుతారు చూడండి, ఒకావిడ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటే ఇంకొకావిడ పనిలో మునిగిపోయింది, అదే.

గోంగూర_టెక్సాస్:
దయచేసి మరియ మార్త వద్దు అక్కా, పుట్టినప్పట్నుంచి ప్రతి స్త్రీల పండగలో అదే ప్రసంగం వింటున్నా, విన్నాక మళ్లీ వంటింట్లోకి మనమే వెళ్లేది :)

బ్లూబాక్స్_ఆంటీ:
అమ్మాయిలూ, నేను ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లు దాటింది, కొంచెం పాత సంగతి చెప్తా, సమోసాలని తీసిపారేయకండి. ఈ ఈసీడబ్ల్యూ మొదలైంది 1871లో, అప్పుడు దాని పేరు ఉమెన్స్ ఆగ్జిలరీ, అంటే మిషన్ బోర్డుకి సాయపడే ఆడవాళ్ల సంఘం, ఇప్పటి పేరు 1958లో వచ్చింది. జూలియా ఎమెరీ అనే ఆవిడ 1876 నుంచి నలభై ఏళ్లు దాని సెక్రటరీ. 1889లో మొదటిసారి అందరూ కలిసి కృతజ్ఞతార్పణ పోగేస్తే రెండు వేల డాలర్ల పైచిలుకు వచ్చింది, దాంతో అలాస్కాలో ఆన్విక్ అనే చోట చర్చికి కొంత ఇచ్చారు, జపాన్‌కి ఒక మిషనరీ ఆవిడని పంపారు. అదే ఇప్పటి నీలం పెట్టె. రోజులో ఏదైనా మంచి జరిగితే ఒక నాణెం అందులో వేసి థాంక్యూ లార్డ్ అనుకోవడం, ఏడాదికి రెండుసార్లు పోగుచేసి పంపడం, అది గ్రాంట్లుగా బయటికి పోతుంది. నాకు మొదటిసారి ఆ అట్టపెట్టె చేతిలో పెట్టినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాది డోర్నకల్ దగ్గర పల్లె, పొయ్యిమీద ఎసరు పెట్టగానే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన చిన్న కుండలో వేసేది, ఆదివారం అది కొంగులో పోసుకుని గుడికి తీసుకెళ్లేది. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు గుప్పెడు చిన్నదయ్యేది, అంతేగానీ మానేది కాదు.
ఇంకో సంగతి, మింగుడు పడనిది. ఇంత డబ్బు పోగేసిన ఆడవాళ్లకి జనరల్ కన్వెన్షన్‌లో, అంటే చర్చి నిర్ణయాలు చేసే పెద్ద సభలో, డెప్యూటీలుగా కూర్చోనిచ్చింది 1970లో. అంతకుముందు పక్కన వాళ్ల మీటింగ్ వాళ్లు పెట్టుకునేవాళ్లు. కాబట్టి వంటింటికే పరిమితం చేస్తున్నారు అని నీకు అనిపిస్తే అది నీ భ్రమ కాదు, వాళ్లూ పడ్డారు అది.

కృష్ణ_ఒడ్డు:
హైదరాబాద్ నుంచి రాస్తున్నా, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. అమెరికా వెళ్లి కూడా సమోసాలేనా అని నవ్వొచ్చింది, అయినా మన నంద్యాల డయాసిస్‌కే (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) కదా 2013లో పుష్పలలితమ్మ గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్. ఆ చర్చిలో అది చెప్పారా ఎప్పుడైనా? వాళ్ల దగ్గర 1989లో బార్బరా హారిస్ గారు మొదటి మహిళా బిషప్ అయ్యారు. చెప్పి చూడండి, సమోసాల సంగతి తర్వాత.

గోంగూర_టెక్సాస్:
నిజంగా చెప్పలేదండి! ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు, అడగలేదు కాబట్టి అనుకుంటా. ఈఎఫ్ఎం (ఎడ్యుకేషన్ ఫర్ మినిస్ట్రీ) అని మామూలు విశ్వాసుల కోసం ఒక చదువుందట, ఎవరైనా చేశారా? నా ఇంగ్లీషుతో నెగ్గుకు రాగలనా అని భయం.

సగం_దారి:
నేను రెండేళ్లు పూర్తిచేశా, మూడో ఏడు నడుస్తోంది. టెనెసీలో సెవానీ అని యూనివర్సిటీ ఉంది, వాళ్లది, 1975 నుంచి నడుస్తోంది. మొత్తం నాలుగేళ్లు, మొదటి ఏడు పాత నిబంధన, రెండోది కొత్త నిబంధన, మూడోది సంఘ చరిత్ర, నాలుగోది థియాలజీ. ఏడాదికేడాది చేరొచ్చు, మధ్యలో ఆపితే ఎవరూ తిట్టరు. గమ్మత్తేంటంటే నాలుగు సంవత్సరాల పాఠాల వాళ్లూ ఒకే గదిలో కూర్చుంటారు, ఎవరి పాఠం వాళ్లది, మాటలు మాత్రం కలిసి. ఇంగ్లీషు గురించి భయపడకండి, మొదటి రెండు నెలలు నేను నోరే విప్పలేదు, తర్వాత ఒకరోజు బైబిల్లో అత్తని వదలని కోడలు రూతు గురించి మాట్లాడుతుంటే అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో ఉండటం అంటే ఏంటో వాళ్లెవరికీ తెలీదని అర్థమైంది, ఇక అరగంట నేనే మాట్లాడా. ఫీజు ఉంటుంది, డయాసిస్ వాళ్లు సాయం చేస్తారేమో ముందే అడగండి, మొహమాటపడితే జేబుకి చిల్లే. అంత టైం లేకపోతే ఫార్వర్డ్ డే బై డే తీసుకోండి, 1935 నుంచి వస్తోంది, మూడు నెలలకో చిన్న పుస్తకం, రోజుకి ఒక్క పేజీ, చాలా చర్చిల్లో గుమ్మం దగ్గర పెడతారు. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు రోజూ ఆ పేజీ నేను తెలుగులో చెప్తుంటే వినేది, ఒక్కోరోజు "ఈవేళ రాసినాయనకి నిద్ర సరిపోలేదు" అనేది.

క్వార్టర్_రోల్స్:
చదువు వేరు సేవ వేరు అని ఎందుకు అనుకుంటున్నాం? మా చర్చి నెలకోసారి లాండ్రోమాట్‌లో లాండ్రీ లవ్ చేస్తుంది. వచ్చినవాళ్ల బట్టలకి మేం మిషన్లో క్వార్టర్లు, అంటే పాతిక సెంట్ల నాణేలు, వేస్తాం, సబ్బు ఇస్తాం. వాష్ అవ్వడానికి అరగంట, ఆరడానికి ఇంకో ముప్పావుగంట, అంతసేపు పిల్లలు బండి చక్రాలు తిప్పుతూ అల్లరి. మొదటి రెండు నెలలు మేం కూడా ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం, సిగ్గేస్తుంది చెప్తే. తర్వాత ఒకావిడ ఒక డబ్బా నిండా పిల్లల పుస్తకాలు తెచ్చింది. చర్చ్ పీరియాడికల్ క్లబ్ అని 1888 నుంచి ఉంది, పుస్తకాలు దొరకనివాళ్లకి పుస్తకాలిప్పించడమే వాళ్ల పని, మైలు పెన్నీలు అని పిల్లల పుస్తకాల కోసం పోగుచేస్తారు, పెన్నీలు వరసగా పేరిస్తే మైలుకి 844 డాలర్ల 80 సెంట్లు, మా సండేస్కూల్ పిల్లలు ఫెలోషిప్ హాల్లో టేపుపెట్టి పేర్చారు, గోడ దాకా వచ్చేసరికి పాతిక డాలర్లు కూడా కాలేదు పాపం. సరే, పుస్తకాలు వచ్చాక ఏమైందంటే ఒక తల్లి, డ్రైయర్ దగ్గర దుప్పటి మడతపెడుతూ, మా చేతిలో ప్రార్థన పుస్తకం చూసి అందులో ఏముంది అంది. 23వ కీర్తన చదివా. ఆవిడ స్పానిష్‌లో అదే కీర్తన చూడకుండా చెప్పింది, నేనూ తెలుగులో చెప్పా. దుప్పటి రెండో కొస నేను పట్టుకున్నా. పై నెల ఆవిడే మిషన్ల దగ్గర వేరేవాళ్లకి సబ్బు కొలిచి పోస్తోంది. మీ ఊళ్లో కుదురుతుందో లేదో గానీ మా గ్రూపుకి బుక్ స్టడీ అంటే ఇప్పుడు అదే.

గోంగూర_టెక్సాస్:
నెల తర్వాత వచ్చా, లేటుకి సారీ. అందరి మాటా కలిపి ఒక పని చేశా. బజార్‌కి సమోసాలు మళ్లీ అడిగారు. చేస్తా గానీ నేనొక్కదాన్నే మా ఇంట్లో చెయ్యను, చర్చి వంటింట్లో అందరం కలిసి చేద్దాం, పిండి నానేలోపు ఆరోజు కీర్తనలు చదువుదాం అన్నా. ప్రెసిడెంట్ గారు ఒక్క క్షణం ఆలోచించి సరే అన్నారు. ఆ శనివారం 27వ తారీఖు పడింది, పొద్దున భాగం 120 నుంచి 125. తొమ్మిది మంది వచ్చాం. నాకు 121 వచ్చింది, కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను అని తెలుగులో మొదలుపెట్టా, పిండి చేతుల్తోనే, పుస్తకం చూడక్కర్లేదు కదా. అయిపోయాక ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒకావిడ మీ ఊరి దగ్గర కొండలున్నాయా అని అడిగింది. నల్లమల గురించి చెప్పా, మేనత్త గురించి చెప్పా, పుష్పలలితమ్మ గారి గురించి కూడా, ఫోన్‌లో ఫొటో చూపిస్తే అందరూ మూగారు. ఆ గొడవలో మొదటి వాయి మాడింది.
ఇప్పుడు గురువారం విడిచి గురువారం అంటున్నారు. క్యాలెండర్ చూస్తే వచ్చేది 15వ తారీఖు, సాయంత్రం. రాత్రి_షిఫ్ట్ సిస్టర్, ఆ 72 వచనాలు తొమ్మిది మందికి ఎలా పంచమంటారు?

రాత్రి_షిఫ్ట్:
తలా ఎనిమిది. లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి. చివరి ఎనిమిదీ మీరు ఉంచుకోండి, దావీదు గొర్రెల దొడ్డి అక్కడుంది.