ఎయోవిన్ కత్తి దించడం: కోలుకోవడమా, లొంగిపోవడమా?

తుంగభద్ర:
టోల్కీన్ నవల 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడో సంపుటం మళ్లీ చదివాను. కాలేజీ రోజుల్లో రాని కోపం ఈసారి వచ్చింది. చదవనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఎయోవిన్ రోహన్ రాజు థియోడెన్‌కు మేనకోడలు. నువ్వు ఇక్కడే ఉండమని అందరూ యుద్ధానికి వెళ్లిపోతుంటే, మగవేషం వేసుకుని డెర్న్‌హెల్మ్ అనే పేరుతో తానూ వెళుతుంది. మేనమామ గుర్రం కింద నలిగి పడి ఉంటే, ఆయన మీదికి వచ్చిన నాజ్గూల్ నాయకుణ్ణి (నాజ్గూల్ అంటే చీకటి ప్రభువు సేవకులు) చంపుతుంది. అంతటి మనిషి కొద్ది రోజులకే, ఫారమిర్ అనే వీరుడి ప్రేమను ఒప్పుకుంటూ, ఇక కత్తి పట్టను, రోగులకు వైద్యం చేస్తాను, పెరిగే మొక్కలను ప్రేమిస్తాను అంటుంది. టోల్కీన్ ఆమె చేతికి కత్తి ఇచ్చింది తిరిగి తీసుకోవడానికేనా? దుష్టశక్తి ఉన్న ఉంగరాన్ని నాశనం చేయడానికి బయలుదేరిన తొమ్మండుగురిలో ఒక్క ఆడమనిషి లేదు. ఉన్న ఒక్క వీరనారినీ చివరికి తోటలో కూర్చోబెట్టారు.

పాత చందమామ:
నేను పెరిగిన జానపద కథల్లో రాకుమారిని మాంత్రికుడు ఎత్తుకుపోతాడు, సాహసి వెళ్లి తెస్తాడు, రాజుగారు అర్ధరాజ్యమిచ్చి పిల్లనిస్తాడు. పొలం రాసిచ్చి పాడి ఆవును తోలినట్టు. అక్కడి నుంచి వచ్చిన నాకు ఎయోవిన్ చాలా దూరం నడిచిన మనిషిలాగే కనిపించింది.

ఇంకొక సంగతి. తనను ఏ 'మ్యాన్' కూడా ఆపలేడన్న నాజ్గూల్ నాయకుడి ధీమా అంతా ఆంగ్లంలో ఆ ఒక్క మాట మీద నిలబడుతుంది. ఆ మాటకు మగవాడు అనీ, మనిషి అనీ రెండు అర్థాలు. తెలుగులో 'ఏ మనిషీ నన్ను ఆపలేడు' అంటే ఎయోవిన్ కూడా మనిషే, 'ఏ మగవాడూ' అంటే గుట్టు ముందే బయటపడుతుంది. అయితే మహిషాసురుడి కథ విన్న మనకు ఇలాంటి వరంలో ఎక్కడో చిల్లు ఉంటుందని ముందే తెలుసు లెండి.

ఉత్తరపు కిటికీ:
తుంగభద్ర గారూ, మీ కోపం న్యాయమే కానీ గురి తప్పింది. మొదటిది, ఆమెను వంటింట్లో ఉండమనలేదు. రాజు తిరిగి వచ్చేదాకా ప్రజలను ఏలమని కత్తీ కవచమూ ఇచ్చి మరీ అప్పగించారు. రెండోది, ఆమె వెళ్లింది గెలవడానికి కాదు, చావడానికి. డెర్న్‌హెల్మ్ ముఖం చూసి, యుద్ధంలో ఆమె వెంట ఉన్న మెర్రీకి వణుకు పుట్టేది అందుకే: ఆశ వదులుకుని చావును వెతుక్కుంటూ వెళ్లే మనిషి ముఖం అది. అలాంటి మనిషికి బతకాలనిపించడం ఓటమి ఎలా అవుతుంది? ఆ కథాలోకంలో వైద్యం చిన్న పనీ కాదు. నిజమైన రాజు ఆరగోర్న్ అని తెలిసేదే అతని చేతి వైద్యం వల్ల.

తుంగభద్ర:
నేను ఎదురుచూస్తున్న మాట మీరే అన్నారు. ఆరగోర్న్ వైద్యుడు, నిజమే. వైద్యం చేసిన మర్నాడు అతను కత్తి దించాడా? శత్రువు దేశపు నల్లద్వారం దాకా సేనను నడిపించాడు. అతనికి వైద్యం కత్తికి తోడైంది, ఎయోవిన్‌కు కత్తికి బదులుగా వచ్చింది. నా పేచీ అంతా ఆ తేడాతోనే.

చావు కోరిక గురించి కూడా ఒక మాట. అది ఎక్కడి నుంచి వచ్చింది? ఆరగోర్న్‌తో ఆమే అంటుంది: మీ మాటలన్నిటికీ ఒకటే అర్థం, నువ్వు ఆడదానివి, నీ చోటు ఇల్లు, మగవాళ్లు కీర్తితో చచ్చాక ఆ ఇంటితో పాటు నువ్వూ కాలిపోవచ్చు, వాళ్లకు ఇక దానితో పని లేదు కనుక. ఇది రాసింది టోల్కీనే! ఇంత తెలిసినవాడు ముగింపులో ఆ మాటకు జవాబు చెప్పకుండా పెళ్లి చేశాడన్నదే నా బాధ.

పాత చందమామ:
మీరిద్దరూ వాదించుకుంటుంటే నాకు పోతన గుర్తొచ్చాడు. నరకాసురుణ్ణి చంపింది సత్యభామే అని దీపావళికి అందరం చెప్పుకుంటాం. భాగవతం తీసి చూడండి. 'వీణఁ జక్కఁగఁ బట్ట వెర వెఱుంగని కొమ్మ బాణాసనం బెట్లు పట్టనేర్చె' అని ఆశ్చర్యపోతూ ఆమె చేత రాక్షస సేనను చెదరగొట్టిస్తాడు. ఆ తరువాత కృష్ణుడు 'కొమ్మా' అని పిలిచి, మెచ్చాను, నువ్వు కోరిన ఆభరణాలన్నీ ఇస్తాను అంటాడు. నరకుడి తల తెగింది కృష్ణుడి చక్రంతో. ఎయోవిన్ కనీసం శత్రువును తన చేత్తో చంపింది. మెర్రీ వెనుక నుంచి మోకాలి దగ్గర పొడవకపోతే కుదిరేది కాదని వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకు ఓపిక లేదు.

అర్ధరాత్రి దీపం:
రచయితలు తమ తప్పు తామే దిద్దుకున్న ఉదాహరణ కూడా ఉంది. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన మొదటి ఎర్త్‌సీ నవలలో మంత్రవిద్యాలయం మగపిల్లలకే. ఆడవాళ్ల మంత్రం బలహీనం, ఆడవాళ్ల మంత్రం దుష్టం అని అక్కడి జనం సామెతలు చెప్పుకుంటారు. 1990లో అదే వరుసలో 'తెహాను' రాసినప్పుడు ఆ సామెతలనే నిలదీసింది. అందులో నాయిక టెనార్ రైతు భార్య, నడివయసు విధవ, చేతిలో కత్తి లేదు. అయినా కథ ఆమెదే. కాబట్టి కత్తి ఉందా లేదా అన్నది కొలబద్ద కాదనుకుంటాను.

ఉత్తరపు కిటికీ:
అదే నేనూ అంటున్నది. ఉంగరాన్ని మోసిన ఫ్రోడో కూడా చివరికి ఆయుధం పట్టడు. తన సొంత గడ్డ షైర్‌లో పోరు జరిగినప్పుడు కత్తి దూయలేదు. అతన్ని లొంగిపోయాడని ఎవరైనా అన్నారా?

తుంగభద్ర:
ఫ్రోడో సరే, అది ఒప్పుకుంటాను. టెనార్ గురించి కూడా పేచీ లేదు, ఆమె ఏమనుకుంటున్నదో పుస్తకమంతా విన్నాం. ఎయోవిన్ మనసు మారడం మాత్రం ఒక్క పేజీలో అయిపోయింది. మరి ఆ షైర్ పోరులోనే జనాన్ని లేపడానికి మెర్రీ ఊదిన కొమ్ము గుర్తుందా? రోహన్ నుంచి వెళ్లేటప్పుడు అతనికి దాన్ని ఇచ్చింది ఎయోవినే. ఇద్దరూ ఒకే శత్రువును పొడిచారు, ఇద్దరూ ఒకే వైద్యశాలలో పడుకున్నారు.

ఉత్తరపు కిటికీ:
కొమ్ము సంగతి మరిచిపోయాను. ఆ అధ్యాయం ఈ రాత్రికి మళ్లీ చదివి వస్తాను. ఒప్పుకున్నానని మాత్రం అనుకోకండి.