నల్ల తామర పురుగు: యూనివర్సిటీల ఉమ్మడి పరిశోధన మిర్చి రైతుకు అక్కరకొస్తుందా?

ప్రత్తిపాడు రైతుబిడ్డ:
2021లో మన మిర్చి తోటలు ఏమయ్యాయో గుంటూరు వైపు ఎవరినడిగినా చెబుతారు. నల్ల తామర పురుగు పట్టి పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోయింది. మా పక్క చేను వాళ్లు తోట పీకి దున్నేశారు. ఇప్పుడు ఇలాంటి పురుగుల మీద యూనివర్సిటీలన్నీ కలిసి పరిశోధన చేయాలని కొందరు అడుగుతున్నారు. ఆ డబ్బుతో పురుగులు అంటుకునే నీలి జిగురు అట్టలు, నేల మీద పరిచే మల్చింగ్ షీట్లు సబ్సిడీ మీద ఇస్తే నయం కాదా? ఫలితం వచ్చేదాకా మేం కౌలు ఎలా కట్టాలి?

లాం పాత విద్యార్థి:
అన్నా, మీ కష్టం కాదనను. కానీ ఈ పురుగు మన దగ్గర పుట్టింది కాదు, ఆగ్నేయాసియాది. మన దేశంలో దీన్ని 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద చూశారు. మన మిర్చి పూతలో బయటపడింది 2021లో. ఆ మధ్య ఆరేళ్లలో దీని పేరు మా ఊళ్లో ఒక్కరూ వినలేదు. నన్ను బాధపెట్టేది అదే.

ఇంకో సంగతి. ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది గుంటూరు పక్కన లాంలో. మిర్చేమో ఉద్యాన పంట, వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. పురుగు మాత్రం పత్తిలోనూ ఉంటుంది, మిర్చిలోనూ ఉంటుంది. పత్తి చూసేవాళ్లు ఒకచోట, మిర్చి చూసేవాళ్లు ఇంకోచోట ఉండి మాట్లాడుకోకపోతే ఎలా?

కలిస్తే ఏమవుతుందో బొప్పాయి పిండినల్లి విషయంలో చూశాం. 2008లో కోయంబత్తూరులో కనిపించింది. 2010లో బెంగళూరులోని జాతీయ సంస్థ ప్యూర్టోరికో నుంచి దాని శత్రు కీటకాలను, చీమ తలంత కూడా లేని కందిరీగలను తెప్పించింది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటివి వాటిని పెంచి రైతులకు పంచాయి. మందు డబ్బా అవసరం లేకుండానే పిండినల్లి అదుపులోకి వచ్చింది.

బందరు కాలువ గట్టు:
ఒక్క గెలుపు చూపించి అన్నీ అలాగే అవుతాయంటే ఒప్పుకోను. గుర్రపు డెక్కను తినే ముక్కు పురుగులను 1980ల్లోనే విదేశాల నుంచి తెచ్చారు. అయినా మా విజయవాడ కాలువల్లో యంత్రాలు పెట్టి తీయిస్తూనే ఉన్నారు. మురుగు కలిసే నీళ్లలో ఆ మొక్క పెరిగే వేగం ముందు పురుగు తిండి చాలదు. మురుగు ఆపకుండా పురుగును వదిలితే ఏం లాభం?

మేడికొండూరు నుంచి:
నేను ఇరవై ఏళ్లుగా మిర్చి వేస్తున్నాను. ఆ ఏడాది ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపాను. ఆవగింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు గీతల మధ్య పరుగెత్తాయి. ఊళ్లో అందరూ దీన్ని నల్లి అన్నారు, అది వేరే పురుగు. కొట్టు అతను నల్లి మందే ఇచ్చాడు. మూడుసార్లు కొట్టాం, ఏమీ తగ్గలేదు. తర్వాత వాళ్లూ వీళ్లూ చెప్పిన మందులన్నీ కలిపి కొట్టాం. మేలు చేసే సాలీళ్లు, అక్షింతల పురుగులు చచ్చాయి, ఇది మాత్రం పువ్వులో దాక్కుని బతికింది. ఇది రెక్కల పురుగుగా మారే ముందు కోశస్థ దశ భూమిలో గడుపుతుందని, షీటు వేస్తే అక్కడే కొంత ఆగుతుందని మాకు పంట పోయాక తెలిసింది. జిగురు అట్టలు వద్దనడం లేదు తమ్ముడూ. ఏ పురుగో తెలియకుండా సబ్సిడీ మీద ఏమిచ్చినా నా నల్లి మందులాగే అవుతుంది.

లాం పాత విద్యార్థి:
అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కాలువ గట్టు గారు అన్న మురుగు మాటా నిజమే. మన చేలల్లో ఆ మురుగు లాంటిది విచ్చలవిడి స్ప్రే. అది ఆగకపోతే ఎంత మంచి మిత్రపురుగును తెచ్చినా బతకదు. అందుకే ఈ పరిశోధన ల్యాబులో కాదు, రైతు చేలో జరగాలంటాను.

ప్రత్తిపాడు రైతుబిడ్డ:
చేలో చేస్తామంటే నేను కాదనను. మా రోడ్డు పక్క చెక్కలో పది సెంట్లు ఇస్తాను, మందు కొట్టకుండా వదిలేస్తాను. వారం వారం వచ్చి పూలు దులిపి లెక్క రాసుకుని, ఆ లెక్క మా ఫోన్లకు తెలుగులో పంపాలి. ఆ పది సెంట్లలో పంట పోతే నష్టం ఎవరు కడతారో మాత్రం విత్తనం వేసే ముందే కాగితం మీద రాసివ్వాలి.