మోరీ లెక్క అడగాల్సింది ఎవరు: ఊరా, తాలూకా ఆఫీసా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ తాలూకా, గడ్చిరోలి)

ఆగస్టు 15న మా ఊరి గ్రామసభలో జరిగింది రాస్తున్నాను. చదివి మీ అభిప్రాయం చెప్పండి.

సభ అంతా తెలుగులోనే నడిచింది. ఠరావు (తీర్మానం) మాత్రం మరాఠీలో రాస్తారు, అది రాష్ట్ర భాష కాబట్టి దాని మీద నాకు పేచీ లేదు. సభ అయ్యాక రిజిస్టర్ తిప్పుతూ సంతకాలు పెట్టమన్నారు. మా పెద్దమ్మ వేలిముద్ర వేసి నాకు అందించింది. చూస్తే చివరి పేరాకూ సంతకాల వరసకూ మధ్య నాలుగు వేళ్ల జాగా ఖాళీగా వదిలారు. అనుమానం వచ్చి పాత పేజీలు తిప్పాను. పోయినేడాది పేజీలో సరిగ్గా అలాంటి జాగాలోనే, వేరే ఇంకుతో, చిన్న చిన్న అక్షరాలతో రెండు వాక్యాలు ఇరికించి ఉన్నాయి. బడి వెనక మోరీ (మురుగు కాలువ) పూర్తయిందట, దానికి గ్రామసభ మంజూరు ఇచ్చిందట. బడి వెనక మోరీ లేదు. బడి ముందు ఉన్నది ఒక్కటే.

ఫిర్యాదు ఇచ్చాం. అది తాలూకాకు పోయింది. విచారణ ఎవరికి అప్పగించారో తెలుసా? ఆ పని ఎంత జరిగిందో కొలిచి కొలత పుస్తకంలో రాసిన ఆఫీసుకే. ఆ పైన అడగాలంటే గడ్చిరోలి వెళ్లాలి, 200 కిలోమీటర్లకు పైనే, ఆలాపల్లి రోడ్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు. సర్పంచ్‌ను తీసేసే దాకా వస్తే ఫైలు నాగపూర్‌లో డివిజనల్ కమిషనర్ బల్ల మీదికి చేరాలి. ఒక్క మోరీ కోసం కూలి మానుకుని అంత దూరం ఎవరు తిరుగుతారు?

నా వాదన ఇది. మాది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఆదివాసీ ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం సెక్షన్ 4(ఎఫ్) ప్రకారం పంచాయతీ ఖర్చుపెట్టిన డబ్బుకు వినియోగ ధ్రువీకరణ ఇవ్వాల్సింది గ్రామసభే. మహారాష్ట్ర 2014లో దానికి నియమాలు కూడా చేసింది. అంటే లెక్క చూసే అధికారం మనకు ఉంది, దాన్ని వాడుకోనివ్వడం లేదు. మొదటి విచారణ ఊళ్లోనే, అందరి ముందే జరగాలి. ఆఫీసు తర్వాత.

లెక్కల మాస్టారు (అహేరి)

తమ్ముడూ, నేను పదహారేళ్లు గ్రామసేవక్‌గా (పంచాయతీ కార్యదర్శిగా) పనిచేశాను. నీ కోపం అర్థమైంది. కానీ నీ మందు నాకు నచ్చలేదు.

గ్రామసభ చెల్లాలంటే కోరం, అంటే కనీసం ఇంతమంది ఓటర్లు, ఉండాలి; అది ఎంత పెద్ద ఊరికైనా 100 మందికి మించదు. ఆ వంద మంది ఎంత కష్టం మీద వస్తారో నాకు తెలుసు. వరినాట్లప్పుడు ఇరవై మంది రారు. రిజిస్టర్ చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకోవడం నా కళ్లతో చూశాను. నేనూ చేశాను, ఒప్పుకుంటున్నాను.

సరే, వంద మంది వచ్చారనుకో. సర్పంచ్ ఒకరికి మేనమామ, ఒకరికి అప్పిచ్చినవాడు, ఇంకొకరికి పక్కచేను మనిషి. వాడి ముఖం మీద ‘మోరీ ఏది?’ అని ఎవరు అడుగుతారు? ఒక ఊళ్లో ఒకామె అడిగింది. సర్కారు ఇళ్ల జాబితాలో తన పేరు నాలుగో నంబరు నుంచి కిందికి ఎందుకు పోయిందని లేచి నిలబడి అడిగింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఆ మరుసటి వారం నుంచి ఆమె మేకలను ఎవరూ మందలో కలుపుకోలేదు, అంతే. ఆ ఏడాది ఎండాకాలం ఆమె ఒక్కతే ఎనిమిది మేకలను తోలుకుని నది దాకా పోయేది. ఊరు శిక్ష వేయాలనుకుంటే అలా వేస్తుంది. అది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

తప్పు చేసినవాణ్ని వాడి చుట్టాలే విచారిస్తే అది విచారణ కాదు, పంచాయితీ. పెద్దమనుషులు కూర్చుని ‘పోనీలే’ అంటారు. ఈ ఊరి నీళ్లు తాగని మనిషి వచ్చి లెక్క చూడాలి. ఆ ఆఫీసు చెడిపోతే ఆఫీసును బాగుచేయమని అడుగు. దాన్ని పక్కన పెట్టమని అడగకు.

అవతలి ఒడ్డు కోడలు (సిరొంచ తాలూకా)

నేను వార్డు సభ్యురాలిని. మంచిర్యాల వైపు నుంచి ఇటు కోడలిగా వచ్చాను. మహారాష్ట్రలో ఆడవాళ్లకు 50 శాతం రిజర్వేషన్ ఉంది కాబట్టి పంచాయతీలో కూర్చున్నాను.

మీరిద్దరూ సర్పంచ్, సర్పంచ్ అంటున్నారు. మా సర్పంచ్ ఆదివాసీ మనిషి. పెసా ఊళ్లలో ఆ పదవి ఆదివాసీలకే, అలా ఉండటమే న్యాయం. కానీ డబ్బులు ఇప్పుడు చెక్కు మీద కదలవు. సర్పంచ్ పేరు మీద ఒక డిజిటల్ సంతకం ఉంటుంది, వేలెడంత పెన్‌డ్రైవ్ లాంటిది. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చి పాస్‌వర్డ్ కొడితే బిల్లు పాసవుతుంది. అది సర్పంచ్ దగ్గర ఉండాలి. మా దగ్గర అది ఒక బీరువాలో, ఇంకొకరి తాళం కింద ఉంది. పాస్‌వర్డ్ చిన్న చీటీ మీద రాసి దానికే అంటించారు. రెండేళ్లలో ఆ పరికరాన్ని మా సర్పంచ్ చేత్తో పట్టుకోవడం నేను చూడలేదు. ఆయన ఎడ్లు, ఆయన చేను, పిలిచినప్పుడు వచ్చి కూర్చుంటాడు.

రేపు గ్రామసభ విచారించినా, కమిషనర్ విచారించినా దొరికేది ఆయనే. తిన్నవాళ్లు ఇంకెవరో. అందుకే విచారణ ఎవరు చేయాలన్నదానికంటే ముందు నాకు కావాల్సింది ఒకటుంది. బిల్లు పాస్ కాకముందు ఆ కాగితం ఊరి గోడ మీద తెలుగులో కూడా అంటించాలి. పాసయ్యాక కాదు.

జివతి నుంచి (చంద్రపూర్)

మా దగ్గరికి రండి. జివతి తాలూకాలో 14 ఊళ్లను రెండు రాష్ట్రాలూ మావే అంటాయి. 1997లో అవి మహారాష్ట్రవేనని సుప్రీంకోర్టు చెప్పినా తెలంగాణ వైపు పథకాలూ ఎన్నికలూ ఆగలేదు. ఒకే ఊరికి ఇద్దరు సర్పంచ్‌లు, రెండు రేషన్ కార్డులు. నీళ్ల ట్యాంకు పాడైతే ఇటువాళ్లు అటు చూపిస్తారు, అటువాళ్లు ఇటు. అధికారం రెండింతలైంది, జవాబు మాత్రం సగం కూడా లేదు.

గుణుపురం బాబాయ్ (రాయగడ, ఒడిశా)

మాస్టారండీ, ప్రాణహిత బాబూ, మీరిద్దరూ చెరో కొసన నిలబడ్డారు. మధ్యలో ఒక దారి ఉందండి, అది మా జిల్లాలోనే నడిచింది.

నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం గొడవలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఏం చెప్పింది? కొండ మీద తమ హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు. జూలైలో మొదలై ఆగస్టు 19న జరపా ఊళ్లో ఆఖరి సభ. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కూడా గనికి అనుమతి లేదని చెప్పేసింది.

ఇక్కడ చూడాల్సింది ఒకటుందండి. ఆ సభలన్నిటికీ జిల్లా జడ్జి హోదా ఉన్న న్యాయాధికారి పరిశీలకుడిగా ఉండాలని కోర్టే ఆదేశించింది. ఆయన తీర్పు చెప్పడానికి రాలేదు. ఎవరూ బెదిరించకుండా, ఎవరూ మాట మార్చి రాయకుండా చూడటానికి వచ్చారు. మాట ఊరిది, సాక్ష్యం బయటివాళ్లది. మోరీకి జడ్జిగారు రారు, నాకూ తెలుసు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ అని చేశారు కదా. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకు తర్ఫీదు ఇచ్చి, ఇంటింటికీ తిప్పి, దొరికిన లెక్కను జనం ముందు గట్టిగా చదివించారు. ఆ పిల్లలు ఆ ఊరివాళ్లు కాదు, అందుకే భయపడలేదు. మేకల మంద నుంచి ఎవరూ వాళ్లను వెలివేయలేరు.

అయితే ఆ 12 ఊళ్లను ఎంచింది ప్రభుత్వమే. కొండ చుట్టూ ఇంకా ఎన్నో ఊళ్లుండగా మమ్మల్నెందుకు అడగలేదని మిగతావాళ్లు బాధపడ్డారు. ఎవర్ని అడగాలో పైవాళ్లే తేల్చేస్తే కింద అడిగేవాళ్లకు మిగిలేది ఎంత?

ప్రాణహిత ఒడ్డు

మాస్టారూ, ఆ ఎనిమిది మేకల సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు. సాక్షి బయటివాడు ఉండాలన్నది ఒప్పుకుంటున్నాను. విచారణ మాత్రం ఊళ్లోనే జరగాలి, అక్కడ నేను తగ్గను. నేరుగా ఎన్నికైన సర్పంచ్ మీద అవిశ్వాసం నెగ్గినా చివరి మాట గ్రామసభ రహస్య ఓటుదేనని మన రాష్ట్ర చట్టమే అంటోంది. సర్పంచ్‌ను దించే తెలివి ఉన్న ఊరికి మోరీ లెక్కపెట్టే తెలివి ఉండదా?

మన జిల్లాలోనే ధానోరా తాలూకాలో మేండా లేఖా ఉంది కదా. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు తెచ్చుకుంది. 2011లో వెదురు రవాణా పాస్‌లు ఇచ్చే అధికారం గ్రామసభ చేతికే వచ్చింది. అక్కడ మెజారిటీతో పని జరగదు, ఒక్కరు ఒప్పుకోకపోయినా మళ్లీ కూర్చుంటారు. అది చిన్న ఊరు, గోండుల ఊరు, మాతో పోలిక లేదని అంటారు. నాకు కనిపించిన తేడా వేరు. వెదురు డబ్బు వాళ్లు నరికి, మోసి సంపాదించింది. పంచాయతీకి పైనుంచి వచ్చే డబ్బు ఎవరి సొమ్మో అన్నట్టు ఉంటుంది. 2021-26కి కేంద్రం పంచాయతీలకు ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికేనని పైనే కట్టేశారు. మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టానికి వదిలారు. ఏం చేయాలో పైనుంచి చెప్పినప్పుడు ఏమైందని అడగాలనే పట్టు జనానికి రాదు.

బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లం దగ్గర చూడండి. పెసా కింద మా గ్రామసభ ఆకును తానే అమ్ముకుంటుంది. మే నెలలో, మధ్యాహ్నం ఎండలో, మా పెద్దమ్మ తన కట్టలు వరసలుగా పేర్చి కూర్చుంటుంది. లెక్క రాసేవాడు రెండు కట్టలు పలచగా ఉన్నాయని తీసి పక్కన పెడితే ఆ రెండూ విప్పి ఆకులు ఒక్కొక్కటే వాడి ముందు లెక్కపెట్టి చూపిస్తుంది. చదువు రాదు. చిట్టీలో ఎన్ని కట్టలు రాశాడో పక్కింటి పిల్ల చేత చదివించుకునిగానీ లేవదు. అదే పెద్దమ్మ ఠరావు కింద, ఏం రాసి ఉందో అడగకుండా వేలిముద్ర వేసింది.

లెక్కల మాస్టారు

ఆకు లెక్క ఆమె కళ్ల ముందుంది, మోరీ లెక్క బీరువాలో ఉంది. అదీ అసలు తేడా. కోడలమ్మ చెప్పిందే సరైన మొదటి అడుగు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. ఆకు కాంట్రాక్టరు బోనస్ ఎగ్గొడితే మీ గ్రామసభ కూడా ఆఫీసు మెట్లే ఎక్కుతుంది. అందుకే ఆ మెట్లు విరగ్గొట్టకు.

ప్రాణహిత ఒడ్డు

అక్టోబరు 2 సభ అయింది, అదే చెబుదామని వచ్చాను. జనం తక్కువే, కోరం కోసం రెండు గంటలు ఎదురుచూశాం. మోరీ సంగతి వచ్చే సభకు పెట్టారు. విచారణ నడుస్తోందట. బిల్లులు గోడ మీద అంటించాలన్న కోడలక్క మాటను ఠరావులో రాయమన్నాం. రాశారు. తెలుగులో చదివి వినిపించమంటే మొదట టైమ్ లేదన్నారు. ఆడవాళ్లు లేవలేదు. చివరికి మా బడిలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల మరాఠీ చదివి, వాక్యం వాక్యం తెలుగులో చెప్పింది.

సంతకాలు మొదలయ్యే ముందు మా పెద్దమ్మ రిజిస్టర్ దగ్గరికి వెళ్లి, చివరి వాక్యం కింద ఖాళీగా ఉన్న జాగా మీద వేలు పెట్టి, ఇక్కడ గీత కొట్టమంది. పేజీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడ్డంగా గీత కొట్టించింది. ఇంకు ఆరాక వేలిముద్ర వేసింది.