వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది: మార్చక తప్పదా?

ప్రశ్న (పర్లాకిమిడి): నమస్కారం. మా దుకాణంలో లెక్కలు రాసే కంప్యూటరు వైర్‌లెస్ మౌస్, కొత్త బ్యాటరీ వేసినా, తెరపై బాణం గుర్తును ఆగి ఆగి కదిలిస్తోంది. మౌస్ సంకేతాన్ని అందుకునే చిన్న రిసీవరు కంప్యూటరు వెనుకవైపు, బయటి హార్డ్‌డిస్క్ పక్కనే ఉంది. ఏం చేయాలి?

జవాబు (బరంపురం): కారణం ఆ హార్డ్‌డిస్కే కావచ్చునండి. బయటి హార్డ్‌డిస్కుల్లాంటి యూఎస్‌బీ 3.0 (వేగంగా డేటా పంపే యూఎస్‌బీ రకం) పరికరాలు, వాటి కేబుళ్లు వెలువరించే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనూ పడుతుంది కనుక, అదే పరిధిలో పనిచేసే మౌస్ సంకేతం అందులో మునిగిపోతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబులుతో రిసీవరును మౌస్ దగ్గరకు తెచ్చి చూడండి.

జవాబు (రాయగడ): బల్లపై అద్దం ఉంటే కాగితం పరచండి; మౌస్ అడుగున కాంతితో కదలికను గుర్తించే మామూలు ఆప్టికల్ సెన్సరు అద్దంపై సరిగా పనిచేయదు.

జవాబు (సిరోంచ): అప్పటికీ కుదరకపోతే వైరు మౌస్ కొనండి. ఒకేచోట కూర్చుని చేసే లెక్కల పనికి అదే నమ్మకమైనదని నా గట్టి అభిప్రాయం. బ్యాటరీ బెడదా ఉండదు.