సగంల ఆపిన సినిమా నాయినకు మళ్ల చూపియ్యాల్నా?

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయిన వయసుల ఉన్నప్పుడు బాయిలు తవ్విండు. ఒకపాలి గడ్డ కూలి నడుముదాకా మట్టిల ఇరుక్కున్నడు. మొన్న ఇంట్ల 'మంజుమ్మెల్ బాయ్స్' పెట్టిన. 2006ల కొడైకెనాల్ గుణ గుహల పడ్డ దోస్తుకోసం ఇంకో దోస్తు తాడు కట్టుకొని దిగి, పైకి తెచ్చిన నిజం కథ. చీకట్ల ఆ పిల్లగాడు అరుస్తుంటే నాయిన తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని లేచిపోయిండు. టీవీ బంద్ చేసిన.

అప్పటిసంది నడిరాత్రి లేచి మంచం పట్టె గట్టిగ పట్టుకొని కూసుంటుండు. "ఆ పోరడు బతికిండా?" అని రెండుపాల్లు అడిగిండు. బతికిండంటే నమ్ముతలేడు.

పైకి తెచ్చే సీను ఒక్కటి చూపిస్తే నిమ్మళపడ్తడా, భయం ఇంక ముదురుతదా? లేకుంటే ముందుగాల డాక్టర్ దగ్గరికి తోల్కపోవాల్నా? మీ ఇండ్లల్ల పెద్దోళ్లకు ఇట్లయితే ఏంజేసిన్రో చెప్పుండ్రి.