ఒక్క శాంపిల్‌తో ముప్పై ఏళ్ల సంగతి తెలుస్తుందా?

ఉద్దానం కుర్రాడు: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలం. కిడ్నీ జబ్బు మీద పరిశోధన అంటూ ఒక టీమ్ వచ్చి నాన్న రక్తం, మూత్రం తీసుకెళ్లింది. ఆయనకి షుగర్ లేదు, బీపీ లేదు, అయినా క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) పెరుగుతూనే ఉంది. చిన్నప్పుడు బావి నీళ్లు తాగారు, తర్వాత బోరు, ఇప్పుడు క్యాన్లు, మధ్యలో ఏళ్ల తరబడి జీడితోటల్లో పురుగుమందు కొట్టారు. ఇదంతా ఇవాళ్టి శాంపిల్‌లో కనిపిస్తుందా?

పబ్లిక్ హెల్త్ విద్యార్థిని: కనిపించదు తమ్ముడూ. ఇప్పుడు వాడే చాలా పురుగుమందుల ఆనవాళ్లు మూత్రంలో కొద్ది రోజులే ఉంటాయి. రక్తంలో సీసం నెల తిరిగేసరికి సగానికి పడిపోతుంది, కానీ ఎముకల్లో చేరిందంటే ఏళ్లకేళ్లు కదలదు. పిల్లల పాలపళ్లలోనైతే తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ ఒంట్లో చేరిన లోహాలు పొరలు పొరలుగా నిలిచిపోతాయి, లేజర్‌తో ఆ పొరల్ని చదువుతున్నారు. జన్యువుల మీద పెట్టినంత శ్రద్ధ, కడుపున పడ్డప్పటి నుంచి మనిషికి తగిలే గాలి, నీరు, తిండి, పని మీద కూడా పెట్టాలని 2005లో క్యాన్సర్ పరిశోధకుడు క్రిస్టఫర్ వైల్డ్ రాశారు, దానికి ఎక్స్‌పోజోమ్ అని పేరు పెట్టారు.

ఆశా వర్కర్: ఫారంలో 'తాగునీరు ఎక్కడిది' అంటే మనవాళ్లు ఇప్పుడు తాగేదే చెప్తారు బాబూ. ఏ బోరు ఎప్పుడు వేశారు, ఏ మందు కొట్టారు, మిట్టమధ్యాహ్నం ఎండలో నీళ్లు లేకుండా ఎంతసేపు పని చేశారు, ఒళ్లు నొప్పులకి ఏ మాత్రలు మింగారు, ఇవన్నీ మీ అమ్మగారిని కూర్చోబెట్టి అడిగి రాసివ్వు. నొప్పి మాత్రల మాట చాలామంది చెప్పనే చెప్పరు!

హైదరాబాద్ నుంచి: జబ్బు వచ్చాక వెనక్కి తవ్వితే సగమే దొరుకుతుంది. హైదరాబాద్ దగ్గర 29 ఊళ్లలో 1987–90 మధ్య గర్భిణులకీ పిల్లలకీ ఇచ్చిన పోషకాహారం మీద ఒక అధ్యయనం జరిగింది, అప్పటి పిల్లల్ని పెద్దయ్యాక కూడా వెతికి పట్టుకుని గుండె, ఎముకలు పరీక్షిస్తూ వచ్చారు. ఉద్దానంలో కూడా పుట్టిన పిల్లల్ని అలా ఏళ్ల తరబడి వెంట ఉండి చూడాలి, లేకపోతే ఈ జబ్బుకి కారణం నీళ్లా, ఎండా, మందులా అన్న వాదన తెగదు.

ఉద్దానం కుర్రాడు: అమ్మ ఇప్పటికే మూడు బోర్లు గుర్తు చేసింది. మరి రిపోర్టు మాకిస్తారా?

పబ్లిక్ హెల్త్ విద్యార్థిని: అడిగి తీసుకో, సంతకం పెట్టిన ఒప్పుకోలు కాగితం కాపీ కూడా. వాళ్ల కోసం ఆగకుండా నాన్నగారిని ఇప్పుడే కిడ్నీ డాక్టరుకి చూపించు, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ మూడు నెలల తర్వాత మళ్లీ చేయించు. నొప్పి మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వేసుకోనివ్వకు.